చీల లేని బిళ్ళ

హనా చేతిలో ఆ టోపీ బిళ్ళ ఇంకా బోర్లా పడే ఉంది. తిప్పి ముందువైపు చూడ్డానికి ఆమెకి ధైర్యం చాలడం లేదు.

ఇక్కడిదాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. హనా మొగుడు ఏబెల్ ఎంట్విసిల్ ఇంగ్లండులో మా హోల్డెన్‌షా నూలు మిల్లులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ. జర్మన్లతో యుద్ధానికి పోయి బెల్జియం బురదలో కనిపించకుండా పోయాడు. జాడ తెలియలేదని ఒక్క ముక్క రాసి పంపి సర్కారు చేతులు దులుపుకుంది. యుద్ధం అయిపోయాక, అతని పక్కనే పడుకుని పక్కనే పోట్లాడిన సెథ్ పిల్లింగ్ ఊళ్ళోకొచ్చాడు. "నా చేతుల్లోనే పోయాడు పెద్దమ్మా" అంటూ ఏబెల్ టోపీ మీది ఇత్తడి బిళ్ళ తెచ్చి, ఏబెల్ తల్లి మార్తా ఒళ్ళో పెట్టాడు. ముసలమ్మ దాన్ని నల్ల మఖమల్ మీద అతికించి, అద్దం కట్టించి, పొయ్యిగూటి పైన గోడకి తగిలించుకుంది. బొగ్గుబండి తోలే సెథ్ ఆ ఇంటికి బొగ్గు దించుతూ దించుతూ చిన్నగా మనసు కూడా దించేశాడు. అడ్డం తెలిసినవాళ్ళు చెప్పమని చర్చిలో అడిగే పెళ్ళి చాటింపు రెండు ఆదివారాలు అయింది. మూడోది, ఆఖరిది, రేపు.

ఇంతలో ఈ బిళ్ళ గోడ దిగింది. వచ్చే వారం మిల్లు కూడలిలో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాతి స్తంభం మీది గుడ్డ లాగుతారు. కొడుకు పోయిన తల్లులు ఆ రోజు కొడుకు పతకాన్ని కోటుకి కుడివైపు పెట్టుకొస్తారు. పతకం లేనివాళ్ళు టోపీ బిళ్ళ పెట్టుకుంటారు. అందుకని మార్తా శనివారం పొద్దున అద్దం దించి కోడలి చేతికిచ్చింది.

"నువ్వే విప్పు పిల్లా. నా వేళ్ళు వంగట్లేదు. కోటుకి ఎట్లా తగిలించాలో వెనకవైపు చూసి చెప్పు" అని, గుడ్డలూ రుద్దుడు మట్టీ పట్టుకుని చర్చిలో ఇత్తడి దీపాలు తోమడానికి వెళ్ళిపోయింది.

హనా అద్దం విప్పింది. మఖమల్ మీంచి కత్తి మొనతో బిళ్ళని పైకి లేపింది. వెనక చూసింది. చూసి కుర్చీలో కూలబడింది.

కూలబడేంత ఏముందని మీరు అడగొచ్చు. బిళ్ళకి ముందువైపు ఎవరైనా చూస్తారు. బూర కొమ్ము, దాని చుట్టూ గులాబీ దండ, మా జిల్లా పటాలంలో చేరిన వాడెవడికైనా అదే. ముందు చూస్తే అందరికీ రాజు ఒక్కడే, బిళ్ళా ఒక్కటే. వెనకవైపుకే ఎవడి కథ వాడికి ఉంటుంది. అది టోపీని ఎట్లా పట్టుకుంటుందనేదే ఆ కథ. మామూలుగా ఇచ్చే బిళ్ళకి వెనక నిలువుగా ఒక ఇత్తడి నాలిక ఉంటుంది. టోపీ పట్టీలోని గాట్లలో దాన్ని పైనించి దించితే చాలు. తీయాలన్నా ఒక్క లాగు. అందుకే అవి సారాయి కొట్లో ఒకటి, రైల్లో ఒకటి పారేసుకుని కుర్రాళ్ళు సార్జెంట్ల చేత తిట్లు తినేవాళ్ళు. ఆ నాలిక మెడ దగ్గర విరగడం కూడా మామూలే.

ఏబెల్ ఆఖరిసారి సెలవు మీద వచ్చినప్పుడు సరిగ్గా అదే జరిగింది. ఇంటి తలుపు గడియ ఇరుక్కుంటే, ఆ మగ్గాల మేస్త్రీ బుర్రకి బిళ్ళ నాలిక పెట్టి తెరవాలని తోచింది. నాలిక పుటుక్కున విరిగింది. హనా తండ్రి జోనస్ తగరపు పనివాడు. అల్లుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి, బిళ్ళ వెనక ఆ చివర ఒకటీ ఈ చివర ఒకటీ ఇత్తడి తీగతో రెండు చెవులు చేసి టంకం వేశాడు. ఆ చెవుల్ని టోపీలోకి దూర్చి, లోపలినుంచి రెండింటిలోకీ మడిచిన తీగలాంటి రెండు కాళ్ళ చీల ఒకటి పెట్టి, ఊడకుండా ఆ కాళ్ళు విడదీశాడు. "తుఫానొచ్చినా ఊడదు పో" అన్నాడు. ఊడకపోవడం సరే, చీల నుదురు గీరుకుంటుందని ఏబెల్ గోల. అప్పుడు హనా, ఛాతీకి జలుబు చేస్తే కట్టుకునే ఎర్ర ఫ్లానెల్ గుడ్డలోంచి ముక్క కత్తిరించి, టోపీ లోపల చీల మీద చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టింది. ఆ కుట్టు వేస్తున్నంతసేపూ ఏబెల్ ఆమె ఒళ్ళో తల పెట్టుకునే ఉన్నాడు.

మరి ఇప్పుడు చేతిలో ఉన్న బిళ్ళకి చెవులు లేవు. నిలువు నాలిక ఉంది. విరగలేదు, అతకలేదు, ఎక్కడా టంకం మచ్చ లేదు. మెడ దగ్గర నూనె మురికి పేరుకుని, పుట్టినప్పటినించీ అట్లాగే ఉన్న నాలిక.

అంటే ఇది ఏబెల్‌ది కాదు.

ఇన్నాళ్ళూ పొయ్యిగూటి పైన ఎవడి బిళ్ళకి పూలు పెట్టాం అనుకుంది హనా. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. యుద్ధంలో ఏబెల్‌కి కొత్త బిళ్ళ ఇచ్చి ఉండకూడదా? ఇచ్చి ఉండొచ్చు. ఆ మాట పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది. కానీ అనుమానం ఒకసారి కూర్చున్నాక లేవమంటే లేస్తుందా? సెథ్‌నే అడగాలి. ఎట్లా అడగాలన్నదే బాధ. సూటిగా అడిగితే ఏ మగాడైనా సూటిగా అబద్ధం చెబుతాడు.

మధ్యాహ్నం మిల్లు కూత అయిన కాసేపటికి పెరటి సందులో సెథ్ బూట్ల చప్పుడు వినబడింది. దాని వెనకే గోడ అవతల నుంచి పక్కింటి ఆగ్నెస్ గొంతు.

"ఒరేయ్ సెథ్! పెళ్ళికైనా చెవులు కడుక్కోరా నాయనా. ఆ మసిలో ముల్లంగి గింజలు చల్లితే పండక్కి కూరొస్తుంది!"

"నీ నోట్లో చల్లుదాంలే ఆగ్నెస్, ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఎండ బాగా తగులుతుంది."

"చూడవే హనా, ఇప్పటినించే ఎట్లా మాట్లాడుతున్నాడో! ఇంకా టైముంది, ఆలోచించుకో!"

సెథ్ నవ్వుతూ లోపలికొచ్చాడు. కాగితంలో చుట్టిన ఆవుకాళ్ళ మాంసం బల్ల మీద పెట్టాడు. మనిషి మంచివాడు. అది చెప్పకపోతే నాకు పాపం తగులుతుంది. ముసలమ్మ కాళ్ళు వాచినప్పుడు బొగ్గుబండి మీద గోనెలు పరిచి కూర్చోబెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినవాడు. బల్ల మీద బోర్లా పెట్టిన టీ కప్పు కింద ఏముందో అతనికి తెలీదు.

"ముసలమ్మ ఏదీ?"

"చర్చి దీపాలు తోముతోంది."

"రేపు మన పేర్లు మెరవాలిగా" అని కుర్చీ లాక్కున్నాడు. "ఏంటట్లా ఉన్నావ్? ఒంట్లో బాగాలేదా?"

హనా టీ పోసింది. రెండు చెంచాలు చక్కెర వేసింది. కలిపింది. ఏదో గాలికి గుర్తొచ్చినట్టు అడిగింది.

"సెథ్, ఆ రోజు ఏబెల్ టోపీలోంచి బిళ్ళ తీశావు చూడు. చీల గుచ్చుకోలేదూ నీకు?"

"గుచ్చుకోకేం!" అన్నాడు సెథ్ టీ ఊదుకుంటూ. "మీ నాన్న వేసిందాయె. మొండి చీల. పైగా నువ్వు కుట్టిన ఆ ఎర్ర గుడ్డొకటి. అబ్బో, ఏం కుట్టు అది! ఓడ తెరచాప కుట్టినట్టు కుట్టావు. కత్తి మొనతో ఒక్కో కుట్టూ తెంపి, చీల కాళ్ళు రెండూ దగ్గరికి నొక్కి, అప్పుడు లాగితే గానీ రాలేదు. ఇదిగో, ఈ బొటనవేలు చీరుకుపోయింది."

బొటనవేలు చూపించాడు కూడా. నిజం చెబుతున్నవాడి మొహంలో ఉండే తేలిక ఉంది అతని మొహంలో. అతను చెప్పింది నిజమే. హనాకి భయం వేసింది అందుకే. ఎర్ర గుడ్డ సంగతి చూసినవాడికి తప్ప తెలీదు. కుట్లు ఎట్లా ఉన్నాయో తెంపినవాడికి తప్ప తెలీదు.

ఆమె కప్పు ఎత్తింది. బిళ్ళని వేలితో అతని ముందుకి నెట్టింది, బోర్లాగానే.

"ఇందులో చీల ఎక్కడ పెట్టారో చూపించు."

సెథ్ బిళ్ళ వంక చూశాడు. టీ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. గోడ మీద చోటు వంక చూశాడు. అద్దం ఉన్నచోట తెల్లటి నాలుగు పలకల మచ్చ ఉంది.

"అద్దం ఎందుకు విప్పావు?"

"అడిగింది చెప్పు."

"అదీ... తర్వాత స్టోరులో కొత్తది ఇచ్చారనుకుంటా. చాలామందికి ఇచ్చారు..."

"కొత్తదిస్తే చీల ఎక్కడిది? నాలికకి చీలుండదుగా. ఇప్పుడేగా బొటనవేలు చూపించావు."

సెథ్ ఆ బొటనవేల్ని పిడికిట్లో దాచుకున్నాడు.

"ఇంకో సంగతి చెప్పు" అంది హనా. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే సెథ్‌కి కొంచెం బాగుండేది. "గుండ్లు పడుతుంటే, నా మొగుడు నీ చేతుల్లో ప్రాణం విడుస్తుంటే, నువ్వు కత్తి తీసుకుని ఒక్కో కుట్టూ తెంపుతూ కూర్చున్నావా? అంత తీరిగ్గా పోయాడా ఏబెల్?"

పొయ్యిలో బొగ్గు ఒకటి కూలింది. సెథ్ కప్పు కింద పెట్టాడు. టీ ఒలికింది. దాన్ని చొక్కా చేతితోనే తుడిచాడు.

"హనా, ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు తర్వాత పట్టుకుందువులే. ఇది ఎవడిది?"

"నాది."

"ఏబెల్‌ది?"

"ఏబెల్ దగ్గరే ఉంది."

*

ఆ తర్వాత సెథ్ చెప్పినదాన్ని నేను అతుకులు లేకుండా చెబుతాను. అతను మాత్రం మధ్యలో చాలాసార్లు ఆగాడు. ఒకసారి లేచి వెళ్ళి పెరట్లో ముక్కు చీదుకుని వచ్చాడు.

ఆ సాయంత్రం వాళ్ళ దళం మళ్ళీ ముందు వరుసకి వెళ్ళాలి. వారంగా వాన. మనుషులు బురదలో నడవడం లేదు, బురదే మనుషుల్ని నడిపిస్తోంది. కూలిపోయిన పొలం ఇంటి వెనక, చక్రం ఊడిన బండి మీద ఏబెల్ కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని లోపలి కుట్లు గోటితో గీకుతున్నాడు. వేళ్ళు వణికి ఒక్క దారమూ పట్టు చిక్కడం లేదు. మగ్గంలో తెగిన పోగుని కళ్ళు మూసుకుని అతికే వేళ్ళు అవి.

"'సెథ్, ఇది తీసిపెట్టరా' అన్నాడు. ఎందుకురా అన్నాను. చెప్పలేదు. అప్పటికీ నాకు తెలుసు హనా. తెలియదని ఎట్లా చెప్పను? మిలిటరీ పోలీసులు మనిషిని ఆపితే ముందు చూసేది టోపీయే. బిళ్ళుంటే ఏ పటాలమో, ఎక్కడుండాల్సినవాడో తెలిసిపోతుంది. లేకపోతే ఆసుపత్రి నుంచి వస్తున్నాననో, దారి తప్పాననో ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. నాలిక బిళ్ళయితే నడుస్తూ నడుస్తూ పీకి జేబులో వేసుకునేవాడు, నాకు తెలిసేది కూడా కాదు. మీ నాన్న పనితనం మూలంగా నా సాయం కావాల్సి వచ్చింది."

"నువ్వు తీసిచ్చావు."

"తీసిచ్చాను. చీల బురదలో పడిపోయింది. బిళ్ళని ఆ ఎర్ర గుడ్డలోనే చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాడు. నాకిచ్చేయరా, ఇంటికి చేరుస్తాను అన్నాను. 'ఇది మాత్రం ఇవ్వను' అన్నాడు. 'నేను పోయానని చెప్పు. మంచిగా పోయానని చెప్పు' అన్నాడు. లేచి వెనక్కి నడిచాడు. ఎక్కడికిరా అంటే, వాన లేని చోటికి అన్నాడు."

హనా చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. ఆ ఒళ్ళోనే కదా ఆ రోజు ఆ తల ఉన్నది.

"రాత్రికి గుండ్లు పడ్డాయి. సగం దళం పోయింది. మర్నాడు సార్జెంటు పేర్లు పిలుస్తుంటే, ఏబెల్ పేరు రాగానే 'పోయాడు సార్, నేను చూశాను' అన్నాను. శవం ఏదీ అన్నాడు. ఆ బురదలో ఎవడి శవం ఏదో ఎవడు చెప్పగలడు? జాడ తెలియలేదని రాసుకున్నాడు. అంతే. అప్పటికి అది ఒక్క మాట. మనిషి ప్రాణం కాపాడే మాట."

"మరి ఈ బిళ్ళ?"

సెథ్ తల వంచుకున్నాడు.

"ఇక్కడికొచ్చి పెద్దమ్మకి చెప్పాను, నా చేతుల్లో పోయాడని. ఆమె ఏడవలేదు. చెయ్యి చాపింది. 'వాడి గుండీ ఒక్కటైనా తేలేదా నాయనా' అంది. ఆ చెయ్యి అట్లాగే ఉంది హనా, దించదు. నా టోపీ నా ఒళ్ళోనే ఉంది. ఒక్క లాగు లాగాను, బిళ్ళ చేతిలోకొచ్చింది. ఇదిగో పెద్దమ్మా, వాడిదే అన్నాను. అంత తేలిగ్గా ఊడి రాకపోతే ఆ అబద్ధం ఆడి ఉండేవాణ్ణి కాదేమో."

"ముసలమ్మకి ఇచ్చావు, సరే. నాకేం ఇచ్చావు?" హనా లేచి నిలబడింది. "ఆ బిళ్ళ తెచ్చినవాడని నిన్ను గడప దాటనిచ్చాను. ఆ బిళ్ళ చూసే మొగుడు పోయాడని నల్లబట్ట కట్టాను, ఆ బిళ్ళ చూసే నల్లబట్ట విప్పాను. రాత్రిళ్ళు ఏబెల్ కల్లోకొస్తే, నువ్వు పోయావుగా, ఇంకెందుకు వస్తావని నేనే తిట్టి పంపించేదాన్ని. ఏం మనిషివిరా నువ్వు? బతికున్నాడా లేడా?"

"తెలీదు. నా తల్లి మీద ఒట్టు, తెలీదు."

"తెలియకుండానే రెండుసార్లు చాటింపు వేయించావా?"

"ఇన్నేళ్ళు ఒక్క కబురు లేదు హనా! బతికున్నవాడైతే ఒక్క ముక్క రాయడా? ఆ చలిలో, ఆ వానలో, తిండి లేకుండా..."

"పారిపోయినవాణ్ణి మనవాళ్ళు పట్టుకుంటే ఏం చేసేవాళ్ళు?"

సెథ్ పెరటి తలుపు వంక చూశాడు.

"కాల్చేవాళ్ళు. కాలిస్తే కబురొచ్చేది. పేరు రాతి మీదికి ఎక్కేది కాదు. రాలేదుగా? అంటే పట్టుకోలేదు." హనా వేళ్ళు మడిచి చెబుతోంది, పిల్లలకి చెప్పినట్టు. "పట్టుకోలేదంటే ఎక్కడో ఉన్నాడు. ఎక్కడో ఉంటే నేను అతని పెళ్ళాన్ని. రేపు పాదిరిగారు మూడోసారి అడుగుతాడు, అడ్డం ఏమైనా ఉందా అని. ఏం చెబుదాం? నువ్వు లేస్తావా, నన్ను లెమ్మంటావా?"

"లేస్తే ఏమవుతుందో తెలుసా నీకు?" సెథ్ కూడా లేచాడు. అతని గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. భయంలోంచి వచ్చే కోపం అది. "వచ్చే వారం గుడ్డ తీసేలోపు ఉలి పెట్టి ఏబెల్ పేరు చెక్కి తీసేస్తారు. రాయి మీద గుంట మిగులుతుంది, ఊరున్నంత కాలం. ముసలమ్మ సందులోకి వస్తే పలకరించేవాడుండడు. పిరికివాడి పెళ్ళానివని నీ మొహాన మిల్లులో ఆడవాళ్ళు కోడి ఈకలు విసురుతారు. ఎక్కడో తలదాచుకున్నవాడు నిజంగా ఉంటే, వాణ్ణి వెతకమని నువ్వే పోలీసులకి దారి చూపించినట్టు. ఇదంతా నాకోసం చెప్పట్లేదు."

"కొంచెం నీకోసమే చెబుతున్నావు."

"కొంచెం నాకోసమే" అన్నాడు ఆఖరికి. "నువ్వంటే నాకు ప్రాణం హనా. అందులో మాత్రం అబద్ధం లేదు."

హనాకి అది తెలుసు. ఆమె బాధంతా అదే. ఈ మనిషిని తన్ని తగలేయడానికి చాలినంత కోపం ఉంది గానీ, అతను వెళ్ళిపోతే పెరటి సందులో ఆ బూట్ల చప్పుడు ఇంక వినబడదని తలుచుకుంటే ఇల్లు ఇప్పటినించే బోసిగా కనిపిస్తోంది.

"వెళ్ళు" అంది. "ఆ మాంసం కూడా పట్టుకుపో."

"రేపు..."

"రేపు సంగతి రేపు. నేను లేస్తానో లేవనో ఇప్పుడు నాకే తెలీదు. నువ్వేం చేస్తావో మాత్రం చూస్తాను."

మాంసం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. గోడ అవతల ఆగ్నెస్ ఏదో అంది. ఈసారి జవాబు రాలేదు.

*

మార్తా చీకటి పడే ముందు వచ్చింది. చేతులకి ఇత్తడి పచ్చ అంటుకుని ఉంది. బల్ల మీద విప్పిన అద్దం చూసింది, బిళ్ళ చూసింది, ముట్టుకోలేదు.

"ఎట్లా తగిలించాలో చూశావా?"

హనా అత్తని అమ్మా అనే పిలుస్తుంది. "చూశానమ్మా" అంది. "వెనక నాలిక ఉంది. పిన్నీసు పట్టదు. అది కోసేసి, టంకం పెట్టించాలి."

ఆ ఇంట్లోనే, ఆ బల్ల దగ్గరే, జోనస్ చెవులు అతికించిన రోజు మార్తా పక్కనే కూర్చుని ఉంది. కరిగిన తగరం మేజా గుడ్డ మీద పడిందని వియ్యంకుణ్ణి కడిగిపారేసింది కూడా. ఆ ముసలమ్మ ఇప్పుడు అదిరిపడాలి. నాలికేమిటి, చెవులు కదా అనాలి. హనా కాచుకుని చూసింది.

"ఊఁ" అంది మార్తా. పొయ్యి మీది కుండలో కూర కలపడానికి అటు తిరిగింది. కలుపుతూనే ఉంది. అడుగంటని కూరని అంతసేపు ఎవరూ కలపరు.

"కోయించకు. ఉన్నది ఉన్నట్టే ఉండనీ" అంది చాలాసేపటికి, గోడకి చెబుతున్నట్టు.

మతిమరుపనుకుంది హనా. పోనీలే, ఈమెకైనా ఈ రాత్రి నిద్ర పడుతుందనుకుంది. కడుపులో కత్తి పెట్టుకుని పడుకున్నవాళ్ళకి ఎదుటివాళ్ళ మొహాలు సరిగా కనబడవు.

*

ఆదివారం చర్చి నిండింది. ఎదురు వరసలో సెథ్ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడేదాకా రుద్దుకొచ్చాడు. హనా వైపు చూడటం లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, డాక్టరు పిలుపు కోసం కాచుకున్న రోగిలా ఉన్నాడు. లేస్తాడా? లేవడు. ఆ భుజాలు చూస్తేనే తెలుస్తోంది, లేవడు.

హనా ఇటు వైపు గోడ పక్కన, ఆమె పక్కన మార్తా. ముసలమ్మ నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుంది. రాతి స్తంభానికి చందాలిచ్చినవాళ్ళ పేర్లు పాదిరిగారు ముందు చదివాడు. గుడ్డ తీసే రోజు ఎవరెవరు ఎక్కడ నిలబడాలో చెప్పాడు. తర్వాత కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ఈ ఊరి చర్చికి చెందిన సెథ్ పిల్లింగ్, బ్రహ్మచారి. ఇదే చర్చికి చెందిన హనా ఎంట్విసిల్, విధవ. వీరిద్దరికీ పెళ్ళి చాటింపు వేస్తున్నాను. వీరు పవిత్ర వివాహంలో ఒకటి కాకూడదనడానికి తగిన కారణం గానీ, అడ్డం గానీ మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇది మూడోసారి అడగడం."

విధవ. ఆ మాట రెండు ఆదివారాలు విన్నది. ఇవాళ మొదటిసారి వినబడింది.

ఈ ప్రశ్న తర్వాత ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉంటుంది. ఎవరో దగ్గుతారు, ఎవరో పిల్లాడి నోరు మూస్తారు, పాదిరిగారు కాగితం తిప్పేస్తారు. ఆ ఖాళీలో హనాకి రాతి మీద ఉలి దెబ్బలు వినిపించాయి. వాన వినిపించింది. అబద్ధం మీద ఇల్లు కట్టుకుని, తలుపు తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడుతూ బతకడం కళ్ళకి కట్టింది. సెథ్ మీది ఇష్టం లేవకు లేవకు అంటోంది. ముందు బల్ల అంచు పట్టుకుంది. లేవబోయింది.

ఆమె మోకాలి మీద బరువుగా ఒక చెయ్యి పడింది. మార్తా చెయ్యి. కోడల్ని కిందికి నొక్కి కూర్చోబెట్టి, ఆ ఊతంతోనే ముసలమ్మ తను లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. మొత్తం చర్చి వెనక్కి తిరిగింది.

"ఉంది అయ్యగారూ" అంది మార్తా.

పాదిరిగారు కళ్ళద్దాల మీంచి చూశాడు. "కూర్చోండమ్మా. మీకు ఒంట్లో..."

"నా ఒంట్లో బాగానే ఉంది. అడ్డం ఉందా అని అడిగారు, ఉందంటున్నాను." ఆమె కోడలి వైపు చూడలేదు, సెథ్ వైపు చూడలేదు. తను నిన్న తోమిన దీపాల వంక చూస్తూ చెప్పింది. "దీని మొగుడు చావలేదు. పోయిన క్రిస్మస్ ముందు ఓ రాత్రి, ఇది నిద్రలో ఉండగా వచ్చాడు. నా చేతి కూడు తిన్నాడు. తలదాచుకున్న చోట కట్టుకున్న ఇంకో పెళ్ళాన్నీ పిల్లాణ్ణీ చూసుకోవాలని, తెల్లారేలోపు వెళ్ళిపోయాడు."